సగం చెవి గొర్రె

కల్వకుర్తి
జూన్ 6, 2023

ప్రేమగల స్వర్ణక్కకు, తమ్ముడు గిరి రాసేది.

అందరం మంచిగున్నం. బాపు మందను గట్టు దిక్కు తోలుకపోయిండు. దుకాణంల ఈ పక్క జిరాక్సు మిషను నడుస్తాంది, ఆ పక్క నీకు టైపు కొడుతున్న. తప్పులుంటే సర్దుకో.

రేపు మీ పశువుల ఆఫీసుల మీటింగుకు స్లైడ్లు ఈ మెయిల్‌తోని పంపుతున్న. పోయినసారి నేను గీసిచ్చిన బొమ్మ యాదికుందా? పారుడు రోగంతోని ఏ నెలల ఎన్ని గొర్లు సచ్చినయో గీతలు గీసినం. ఏడాదిసంది నువ్వు రాసిన కాయితాలకు కదలని మీ పెద్దసారుకు ఒక్క చూపుల సమజైంది, సూదిమందు తెప్పిచ్చిండు. అదీ స్లైడు తాకత్.

ఈసారే జర తిప్పలైంది. పదకొండు ఊర్లు అయినయ్, ఫ్రిజ్ ఆగి మందు పాడైనందుకు ఎర్రబోడు ఊర్ల మాత్రం సూదులు వెయ్యలేదని పేజీన్నర రాసినవ్. తెర మీద ఆరు లైన్లు దాటితే సార్లు సదువుతరా? అందుకే దాన్ని స్లైడు కింద నోట్సుల పెట్టిన. తెర మీద కనబడదు గానీ ఫైల్ల ఉంటది, నువ్వు నోటితో చెప్పు. మీద ‘టీకాలు పూర్తి’ అని ఒక్క మాట, మ్యాపు మొత్తం పచ్చరంగు. ఒక్క ఊరు ఎర్రగుంటే కంట్ల నలుసు లెక్క కొడుతుండె.

ఎర్రబోడు ఫొటో నువ్వు పంపలే. జాగా ఖాళీగుంటే బాగుండదని మన బాపు మంద ఫొటో పెట్టిన. సార్లకు గొర్లన్నీ ఒక్కతీరే గద.

ఇట్లు, నీ కంప్యూటర్ తమ్ముడు
గిరి

నకిరేకల్
జూన్ 12

ప్రియమైన తమ్ముడు గిరికి, అక్క దీవెనలు.

మీటింగు అయింది. ‘ఈ మండలం సూడున్రి, ఎంత పచ్చగుందో’ అని పెద్దసారు మెచ్చుకున్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. ఎర్రబోడు ముచ్చట చెప్పబోతే, ‘స్లైడుల లేదు గదమ్మా, మల్ల మాట్లాడుదాం, నెక్స్ట్’ అన్నడు. కూసున్న. అబద్ధమెందుకు, ఆ చప్పట్లకు నాకు సుత నోరు రాలే.

ఆ పేజీలు అచ్చేసి ఊరూరా పంచాయతీ గోడలకు అంటిచ్చిన్రు. ఇప్పుడు ఎర్రబోడుకు మందు కావాలంటే, ‘పూర్తయిందని నువ్వే చూపిస్తివి’ అంటున్నరు. మల్లొక స్లైడు చెయ్యి. ఎర్రబోడుకు ఎర్ర రంగే కొట్టు. జల్ది పంపు తమ్మీ, ముసురు వడితే ఆ రోగం ఆగదు.

నీ అక్క
స్వర్ణ

కల్వకుర్తి
జూన్ 29

ప్రేమగల అక్కకు,

ఆలస్యమైంది, కోపం చెయ్యకు. బడులు తెరిచిన్రు, సర్టిఫికెట్ల జిరాక్సులకు లైను రోడ్డు దాక ఉంటాంది. నీ స్లైడు సంగతి విని ఇంకో రెండు ఆఫీసులోళ్లు సుత వచ్చిన్రు. ‘అంతా పచ్చగ చెయ్యి గిరీ’ అంటరు, నవ్వొస్తది.

ఎర్ర రంగు కొట్టిన స్లైడు ఇదిగో. మీ మీటింగు ఎట్లాగూ ఐదో తారీఖు గద, ఫికర్ చెయ్యకు. బాపు నిన్ను అడిగిండు.

నీ తమ్ముడు
గిరి

నకిరేకల్
జులై 3

గిరీ,

నీ స్లైడు వచ్చేసరికే ఎర్రబోడుల గుర్వయ్య మందకు రోగం సొచ్చింది. నిన్నటికి నలభై మూడు గొర్లు సచ్చినయ్. నేను ఆడికి పోయిన. ఆయన భార్య బీరమ్మ నన్ను పంచాయతీ గోడ కాడికి తీస్కపోయింది. మన పేజీ ఉన్నది ఆడ. ఫొటో మీద వేలు పెట్టి, ‘ఈ సగం చెవి గొర్రె ఎవలది బిడ్డా? మా మందల ఇట్లాంటిది లేదు. మా గొర్ల మొఖాలు మాకెరుక లేవా?’ అన్నది.

గొర్లు కాసే కురుమోళ్ల బిడ్డనై ఉండి తల ఎత్తలేకపోయిన. ఆ చెవిని కుక్క కొరికిననాడు పసుపు అద్దింది నేనేనాయె.

వెయ్యని సూదులు వేసినట్టు చూపిన్నని మెమో ఇచ్చిన్రు. మూడు రోజుల్ల సంజాయిషీ ఇయ్యాలె. నౌకరి పోయేటట్టుంది. నోట్సుల పెట్టిన్నన్నవ్ గద, నువ్వు పంపిన ఫైల్ల ఎంత దేవులాడినా కనబడ్తలేదు. యాడుందో చెప్పు. నాకు మిగిలింది అదొక్కటే.

స్వర్ణ

కల్వకుర్తి
జులై 4

అక్కా,

ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు. మీ ఆఫీసు కంప్యూటర్ల తెలుగు అక్షరాలు ఇరిగిపోతయని ఆ ఫైలును పీడీఎఫ్ చేసి పంపిన. నేను చేసిన పీడీఎఫ్‌ల నోట్సు రాలేదు. నాకా సోయే లేకపాయె. నీ పేజీన్నర నా దుకాణం గడప దాటనే లేదు. అసలు ఫైలు తారీఖుతోని ఉన్నది, పంపుతున్న. తప్పు నాదని సంతకం పెట్టిన కాయితం సుత దీంతోనే పెట్టిన.

బాపుకు చెప్పిన. తిట్టలే. స్లైడు చూపియ్యమన్నడు. నా కుర్చీల కూసోని చానసేపు చూసిండు. ఆ ఫొటోల తొమ్మిది గొర్లున్నయ్. ఇంటికి పోయి ఆ తొమ్మిదింటిని ఏరి పక్కకు కట్టిండు. ‘ఎర్రబోడోళ్లయని నువ్వే చూపిస్తివి. ఇగ వాళ్లయే’ అన్నడు. రోగం తగ్గినంక తోలుకొస్తడట.

గిరి

నకిరేకల్
ఆగస్టు 19

తమ్మీ,

నీ ఫైలు ఆఫీసుల ఇచ్చిన. నీ సంతకం కాయితం ఇయ్యలే. ‘పూర్తి’ అన్న మాట తెర మీద నేను సదివిన, చప్పట్లు నేను తీసుకున్న. ఆ మాటే చేత్తోని నాలుగు పేజీలు రాసిచ్చిన. ఎంక్వైరీ ఇంకా నడుస్తాంది. నౌకరి ఉంటదో పోతదో తెల్వదు. సూదిమందు మాత్రం నలభై మూడు సచ్చినంక నాలుగు రోజులల్ల వచ్చింది.

నిన్న బాపు ట్రాలీ ఆటోల తొమ్మిదింటిని ఎర్రబోడుకు తెచ్చిండు. గుర్వయ్య వద్దంటే, తాళ్లు ఆయన చేతుల పెట్టి, చాయి పొయ్యమన్నడు. బీరమ్మ మాత్రం వాటిని మందల కలువనియ్యలే. ‘సూది వేసినంకనే’ అన్నది.

‘కల్వకుర్తిల వేసినవే అవ్వా, కాయితం ఉంది’ అన్న.

‘కాయితంల మావాటికి సుత వేస్తిరి గదనే’ అన్నది.

ఆమె ముంగటనే తొమ్మిదింటికి మల్ల సూది వేసిన. ఒక్కొక్కదాన్ని ఆమెనే పట్టుకున్నది. ఆఖరుకు సగం చెవి దాన్ని మందలకు ఇడిచిపెట్టి, అది కలిసినంక తన ఫోన్ల మంద ఫొటో ఒకటి తీసుకున్నది.

నాకు పంపమని నేను అడగలే. నువ్వు సుత అడగకు.

నీ అక్క
స్వర్ణ