అక్టోబరు గడి

పాయా లేబర్, సింగపూర్
12 మార్చి 2000

బాబాయికి,

మా ఇంటర్నెట్ కంపెనీలో విహారయాత్రలకు వెళ్లేవాళ్ల కోసం బార్సిలోనా వాతావరణం పేజీ నాచేత రాయించారు. పన్నెండు నెలల ఎండా, వానా, నెలకో గడి. ఆగస్టులో ఇరవై ఎనిమిది డిగ్రీలని చూసి "చల్లగా ఉంటుంది, శాలువా తప్పనిసరి" అని రాశాను. రెంటచింతల పిల్లను కదా! మేనేజరు టాన్ గారు పడీపడీ నవ్వి ఆ మాట కొట్టేశారు. తప్పు నాదే, దిద్దుకున్నాను.

అక్టోబరు దగ్గర మాత్రం లొంగలేదు. ఆ ఊళ్లో వాన ఎక్కువగా పడేది అప్పుడే. "వాన అంటే టికెట్లు ఎవరు కొంటారు లాహ్! ఆ అంకె తీసెయ్" అన్నారు టాన్ గారు, ఇక్కడివాళ్లు ప్రతి మాటకీ తగిలించే "లాహ్"తో సహా. "ఎవరో తడుస్తూ వెళ్లి కొలిచిన వాన సార్ అది. నేను తియ్యను" అన్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను, పోలేదు.

మన వాతావరణ కేంద్రంలో ఉదయం ఎనిమిదిన్నరకు నువ్వు వంగి వాన కొలుస్తుంటే గొడుగు పట్టింది నేనే కదా! జ్వరంతో కూడా నువ్వు ఒక్కరోజు మానలేదు. చుక్క పడని రోజునా సున్నా అని రాసి సంతకం పెట్టేవాడివి.

పేజీ ప్రింటు ఇందులో పెట్టాను. ముందు అక్టోబరు గడి చూడు. అంకె అలాగే ఉంది.

నీకు గొడుగు పట్టిన,
నీ అన్న కూతురు