మన పైపు నోరు మూయించిన వైనం

బుక్కరాయసముద్రం,
మార్చి 2003

చి.ల.సౌ. సరళకు,

నీ భర్త తిప్పేష్ కొట్టులో కూర్చుని, ఎవరైనా వచ్చి లేపేలోపల గబగబా టైపు చేస్తున్న సంగతులు. ఇక్కడ నేను, నాయన బాగున్నాం. అక్కడ నువ్వు, పాప, మీ అమ్మ బాగున్నారనే ధైర్యంతో వేళ్లు ఆడిస్తున్నా. పెళ్లిపత్రికలు కొట్టీ కొట్టీ ఈ వేళ్లు వేరే రాత మరిచిపోయాయి. ఇందాక నీ పేరు ముందు "మా జ్యేష్ఠ పుత్రిక" అని పడింది. చెరిపేశాను. ఇంకెక్కడైనా "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని కనిపిస్తే మాత్రం అది తప్పు కాదు, కావాలనే ఉంచాను.

మీ పక్కింటి ఫోనుకు చేద్దామంటే, మనం మాట్లాడేదానికంటే వాళ్లు వినేది ఎక్కువ. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగినవి ముందు చెబుతా. నాయన రెండు పూటలా తింటున్నాడు. సంగటి నేనే కెలుకుతున్నా. ఉండలు కడుతోందని రోజూ చెబుతాడు, చెప్పి తింటాడు. కరివేపాకు చెట్టు బతికే ఉంది, గిన్నెలు కడిగిన నీళ్లు పోస్తున్నా. నీ పచ్చ చీర ఉయ్యాలకు చింపలేదు, పెట్టెలోనే ఉంది. కొట్టులో పని బాగుంది, పెళ్లిళ్ల కాలం కదా. ఇక, మీ అమ్మకు నాయన నొప్పుల నూనె సీసా ఎందుకు పంపినాడని అడిగావు. దానికి జవాబు కాస్త కిందికి వస్తుంది, ఓపిక పట్టు.

నీ ఉత్తరం చివర్లో "పైపు నోరు మూయించినావా లేదా" అని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. ఈ ఉత్తరం దాని గురించే.

నీ మీద నాకేమీ కోపం లేదు. మూడో నెలలో పాపను తెచ్చుకుని మనింటికి వచ్చావు. నీళ్లు వచ్చిన రోజు మధ్యాహ్నం పడకగది గోడకు పైపు ఢమఢమ కొట్టుకుంటే పాప అదిరిపడి, గుక్కపట్టి ఏడ్చి, సాయంత్రం దాకా పాలు ముట్టలేదు. "ఆ పైపు మొగేది ఆపినాకే బిడ్డను తెస్తా, అంతదాకా నన్ను పిలవద్దు" అని నువ్వు బెళుగుప్ప బస్సెక్కావు. పుట్టినప్పటి నుంచి విన్నవాణ్ణి, నాకే ఆ శబ్దానికి ఒక్కోసారి నోట్లో ముద్ద గొంతులోకి దిగదు.

మరుసటి రోజే ప్లంబర్ ఓబులేష్‌ను తీసుకొచ్చాను. మన పైపు నాయన ఇల్లు కట్టిననాటిది, ఇనుపది. వీధి లైను నుంచి వచ్చి, పడకగది గోడ బయటి వైపు క్లాంపుల మీద పోయి, మూల దగ్గర గోడలో దూరి వెనక తొట్టిలో పడుతుంది. ఓబులేష్ నీళ్లు లేని పైపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. విని, పైపు ముసలిదైపోయింది, గోడ పగలగొట్టి అంతా పీకేసి ప్లాస్టిక్ వేయాలన్నాడు. ఆ మాట నాయన విన్నాడు. మంచం తెచ్చుకుని ఆ గోడ మూలకు అడ్డంగా వేసుకుని పడుకున్నాడు. ఓబులేష్ సుత్తి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

ఇట్లా కాదని, మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు కొట్టు మూసి నేనే పైపు పట్టుకుని నిలబడ్డాను. గేటు నుంచి తొట్టి దాకా చెయ్యి తీయకుండా నడిచాను, వైద్యుడు నాడి చూసినట్టు. అప్పుడు తెలిసింది, జబ్బు ఒకటి కాదు, రెండు. మొదటిది, నీళ్లకంటే ముందు ఖాళీ పైపులో ఉన్న గాలి తోసుకుని వస్తుంది. పైపు వణుకుతుంది. మన క్లాంపులన్నీ వదులై వేలాడుతున్నాయి కాబట్టి వణికిన పైపు పోయి గోడను కొడుతుంది. రెండోది తొట్టిలో ఉంది. నిండే వేళకు నీళ్ల మీద తేలే వాల్వు గుండు ఎగిరెగిరి పడుతోంది. అది లేచినప్పుడు నీళ్లు టక్కున ఆగుతాయి, పడినప్పుడు మళ్లీ వస్తాయి. పరుగెత్తే నీళ్లను అట్లా ఆపితే ఆ విసురంతా పైపు మీదికే పోతుంది. నువ్వు విన్న ఢమఢమ అదే.

మందు కూడా సులభమే. తొట్టికి కొత్త వాల్వు వేశాం. పంక్చరు కొట్టు నుంచి పాత సైకిల్ ట్యూబు తెచ్చి ముక్కలు కోసి, ఒక్కో క్లాంపు కింద ఒక్కో రబ్బరు ముక్క పెట్టి బిగించాం. ఓబులేష్ బిగించాడు గానీ, ఇంత చిన్న పనికి తన పేరు ఎక్కడా చెప్పవద్దన్నాడు.

తర్వాత నీళ్లు వచ్చాయి సరళా, వచ్చినట్టు మాకే తెలియలేదు. నేను ఇంట్లోనే భోంచేస్తున్నా. చెయ్యి కడుక్కుందామని వెనక్కి పోతే తొట్టి నిండి ఉంది. పైపును ముట్టుకుంటే చల్లగా, బుద్ధిగా ఉంది. అప్పుడే నీకు ఉత్తరం రాయాల్సింది. రాయలేదు, ఎందుకంటే సాయంత్రానికి ఎదురింటి అంజనమ్మ చంకలో ఉత్త బిందెతో గేటు దగ్గర నిలబడింది.

మన వీధి సంగతి నీకు తెలుసు. నీళ్లు ఏ రోజు, ఏ పూట వదులుతారో ఎవరికీ తెలియదు. మనది వీధిలో మొదటి ఇల్లు, గాలి ముందు మన పైపులోకే వస్తుంది. మన పైపు ఢమఢమ అనగానే నాయన గేటు దగ్గరికి పోయి నీళ్లొచ్చినాయని కేక వేస్తాడు, వీధంతా బిందెలతో బయటికి వస్తుంది. ఇన్నేళ్లలో ఎవరూ తమ కుళాయి తిప్పి చూసుకునే అలవాటే చేసుకోలేదు. ఆ రోజు అందరూ మన పైపు కోసం కాచుకుని కూర్చున్నారు. నీళ్లు వచ్చి, పోయినాయి.

"ఏమప్పా తిప్పేషూ, మీ పైపు మొగల్యా?" అంది అంజనమ్మ.

"రిపేరు చేయించినాను అక్కా."

"బాగుండేదానికి రిపేరు ఏమిటికప్పా?"

 ఆమె వెనక ఇంకో నాలుగు ఇళ్ల వాళ్లు. నాయన లోపలి నుంచి బకెట్ తెచ్చి మన తొట్టిలోంచి తోడి అందరికీ పోశాడు. తొట్టి అడుగు కనబడేదాకా పోశాడు. 

మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు ఢమఢమ. నేను పరుగెత్తి చూస్తే వాల్వు బాగానే ఉంది గానీ క్లాంపుల స్క్రూలన్నీ సగం బయటికి వచ్చి ఉన్నాయి. కింద రబ్బరు లేదు. ఓబులేష్ వచ్చి, గోడలో ఇసుక ఎక్కువ, పట్టు దొరకడం లేదని చెప్పి పొడుగు స్క్రూలు బిగించాడు. ఆ తర్వాత మళ్లీ ఢమఢమ. ఈసారి గోడకు చెక్కముక్కలు కొట్టి, వాటిలోకి బిగించాడు. మళ్లీ ఊడినాయి. అంజనమ్మ మాత్రం నన్ను చూసినప్పుడల్లా ఎంతో ప్రేమగా నవ్వుతోంది.

ఓబులేష్ గోడ ముందు గొంతుకూర్చుని ఆలోచించాడు. "స్క్రూలు ఊడేది సరే అన్నా. రబ్బరు యాడికి పోతాండాది? ఎలుకలు తింటాండాయా?" అన్నాడు. నాకూ అదే నిజమనిపించి ఎలుకల బోను కొన్నాను. అందులో మినపవడ పెట్టాను. వడ నాయన తిన్నాడు, అది వేరే విషయం.

నిన్న మధ్యాహ్నం కొట్టు నుంచి వచ్చి నాయన మంచం మీద కూర్చున్నా. నీకు తెలుసు, ఆ మంచం మన బండల మీద ఎప్పుడూ సమంగా నిలబడదు, కూర్చుంటే ఒక పక్కకు ఒరుగుతుంది. నిన్న ఒరగలేదు. కిందికి వంగి చూశాను. నాలుగు కోళ్లకు నాలుగు నల్ల రబ్బరు తొడుగులు, పురికొసతో చక్కగా కట్టి ఉన్నాయి. గోడకు ఆనించిన ఆయన చేతికర్రకూ ఒకటి.

అడిగితే నాయన అబద్ధం చెప్పలేదు. "మర రవ్వంత వదులు చేసినా, అంతే. వీధికి నీళ్లొచ్చేది తెలియాల గదరా. ఆ పొద్దు అంజనమ్మ ఉత్త బిందెతో వచ్చింటే చూడలేకపోతి" అన్నాడు.

"మరి ట్యూబు?"

"కింద పడిండే దాన్ని పారేస్తామా?"

ఇప్పుడు నేను నీకు చెప్పాల్సింది చెబుతా. ఇంతదాకా టైపు చేసిందంతా ఇది వెనక్కి జరపడానికే. నువ్వు ఎందుకు వెళ్లిపోయావో నేను నాయనకు చెప్పలేదు. పాప అదిరిపడినప్పుడు ఆయన గేటు దగ్గర వీధికి కేకలు వేస్తున్నాడు, ఏమీ చూడలేదు. ఆయన రాయి రాయి పేర్చి కట్టుకున్న ఇంట్లో ఆయన మనవరాలు భయపడిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు, లేవలేకుండా ఉంది, నువ్వు తోడుగా ఉండాలని చెప్పాను. నూనె సీసా అందుకే వచ్చింది. మీ అమ్మకు ఈ ముక్క చదివి వినిపించకు. ఆమె నిక్షేపంగా చేను దాకా నడిచి పోయి వస్తోందని నాకు తెలుసు.

అంటే నేను చెప్పని ఒక్క మాట వల్ల, ఇటు నేను నిన్ను రప్పించడానికి స్క్రూలు బిగిస్తుంటే, అటు ఆయన నువ్వు రాకుండా విప్పుతున్నాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

నిన్న నాయనకు చెప్పేశాను. 

"బిడ్డ అదిరిపడినాదా?"

"అవును నాయనా."

"పాలు తాగలేదా?"

"సాయంత్రం దాకా తాగలేదు."

"నా మనవరాలిని నేనే రానీకుండా చేస్తాంటే, ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకోనుంటివిరా?"

 ఆయన కింద కూర్చుని మంచం కోళ్ల రబ్బర్లు ఒక్కొక్కటే విప్పాడు, కర్రది కూడా. స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, ఓబులేష్‌ను కూడా పిలవకుండా తానే క్లాంపులన్నీ బిగించాడు. ఈ పొద్దు ఉదయం నీళ్లు వచ్చాయి. అబద్ధం చెప్పను, శబ్దం మొత్తంగా పోలేదు, గాలి వచ్చేటప్పుడు కాసేపు పిల్లి గురక పెట్టినట్టు ఉంటుంది. అంతే.

వీధి సంగతి కూడా ఆయనే చూసుకున్నాడు. తెల్లవారగానే గేటు పక్కన, పైపు నేలలోంచి పైకి వచ్చే చోట మంచం వేసుకుని, పైపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అది వణకగానే లేచాడు. మన ఇంటి ముందు కేక వేయలేదు. వీధి చివరి దాకా నడిచి పోయి, అక్కడి నుంచి చిన్నగా చెప్పుకుంటూ వచ్చాడు. కానీ అంజనమ్మకు చెప్పగానే ఆమె అదే సంగతి వీధంతటికీ తన గొంతుతో మళ్లీ చెప్పింది. ఆ గొంతుకు క్లాంపు ఎక్కడ వేయాలో ఓబులేష్‌కు కూడా తెలియదు. నాయన పోయి ఇంటికి చంటిబిడ్డ వస్తోందని చెప్పి వచ్చాడు. సరేనంది. ఎంతవరకు ఆగుతుందో చూడాలి.

నిన్ను తొందర పెట్టను. ఆదివారం రాగలిగితే రా. నీళ్లు వచ్చేదాకా ఉండి, నీ చెవులతో విను. పాప మళ్లీ అదిరిపడితే నేనే నిన్ను, పాపను బెళుగుప్పలో దింపి వస్తా, ఒక్క మాట అనను. మోకాళ్ల కథ చెప్పి మీ అమ్మకు లేని నొప్పి పెట్టినందుకు తిట్టాలనుకుంటే, అది మాత్రం వచ్చి తిట్టు, ఉత్తరంలో వద్దు.

ఇది ప్రింటు తీద్దామనుకుంటుంటే నాయన కొట్టుకే వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఇంకో మాట కొట్టమంటున్నాడు. పాప పొద్దున ఎప్పుడు పడుకుంటుంది, మధ్యాహ్నం ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది, వివరంగా రాసి పంపాలంట. అది తీసుకుని ఊరికి నీళ్లు వదిలే వాల్వు దగ్గరికి పోయి ఆ మనిషితో మాట్లాడతాడంట.

"ఊరంతటికీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు నాయనా. నీ మనవరాలి నిద్ర చూసి వదులుతాడా?" అన్నాను.

"అడిగితే పోయేదేముండాది" అన్నాడు.

నిద్రవేళలు తప్పకుండా రాసి పంపు. లేకపోతే ఆయన నన్నే బెళుగుప్ప పంపించి కనుక్కుని రమ్మనేటట్టు ఉన్నాడు.

ఇట్లు,
పాప వాళ్ల నాయన,
తిప్పేష్