గది లేని గుర్తు

టెక్కలి,
ఆగస్టు 18

ప్రియమైన అపర్ణకి,

ఫోన్ చేసినప్పుడల్లా "పెళ్లికార్డుల వాళ్లు నెత్తిమీద కూర్చున్నారే, మళ్లీ చేస్తా" అంటావు. చెయ్యవు. అందుకే ఇంటర్ క్లాసులో లెక్కల సారు బోర్డు వైపు తిరిగినప్పుడు చీటీలు అందించుకున్నట్టు మళ్లీ కాగితం పట్టాను. ఈ కవరు పలాస బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నా. లోపల పెన్‌డ్రైవ్ ఉంది, చింపేటప్పుడు చూసుకో.

నాన్న పాత కంప్యూటర్లో ఉన్నదంతా అందులో ఎక్కించాను. ఆయన పోయి ఏడాది కావస్తోంది, దాని దుమ్ము ఇన్నాళ్లకి దులిపాను. "వల పాటలు - డొంకూరు" అని ఒక ఫైలు కనబడింది. నందిగాం హైస్కూల్లో పనిచేసేటప్పుడు మీ పలాసలోనే ఎవరో డీటీపీ ఆయన పక్కన కూర్చుని ఏవో కొట్టించుకునేవారు, అవే అనుకుంటా. తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యలో డాలర్లు. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుంది.

మన కాలేజీ తెలుగు లెక్చరరు జనార్దనరావు గారు రిటైరయ్యాక జిల్లాలో జనం పాడుకునే పాటలన్నీ పుస్తకంగా వేస్తున్నారు. నాన్న దగ్గర ఏమైనా ఉంటే ఇమ్మన్నారు. పుస్తకం పేజీలన్నీ పెడుతున్నది నువ్వేనట కదా, నాకు ఒక్క ముక్క చెప్పలేదు! నాన్న పేరు అచ్చులో చూడాలని నాకు పిచ్చి ఆశ. బతికుండగా టీచర్ల సీనియారిటీ లిస్టులో తప్ప ఎక్కడా చూసుకోలేదు పాపం. ఆ చీమల్ని అక్షరాలు చేసిపెట్టు.

నీ
ఉషశ్రీ

---

పలాస,
ఆగస్టు 25

ఒసేయ్ ఉషా,

కండక్టరు నీ కవరు ఇస్తూ "ఏటమ్మా, లవ్ లెటరా?" అన్నాడు. నలభై దాటిన దాన్ని, సంతోషంగానే అనిపించింది.

ఫైలుకి ఏం కాలేదు, గుండె చేత్తో పట్టుకోకు. అప్పట్లో కంప్యూటర్లో తెలుగుకి సొంత ఇల్లు లేదు. ఇంగ్లీషు అక్షరాల ఇంట్లో అద్దెకుండేది. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో కొమ్ము, ఇంకో గదిలో గుడిదీర్ఘం. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు కనబడుతుంది. లేని చోట అద్దెవాళ్లు మాయమై, ఓనరు ఇంగ్లీషాయన గుమ్మంలోకి వస్తాడు. నువ్వు చూసింది ఆయన్నే. ఇప్పుడు యూనికోడ్ వచ్చాక మన ప్రతి అక్షరానికీ సొంత గది ఉంది. పాత గదుల నుంచి కొత్త గదులకి సామాను చేర్చే సాఫ్ట్‌వేర్ మా షాపులో ఉంది.

చేర్చాను. పాటలు వచ్చాయే! ఒకదాంట్లో సరుగుడు తోట చాటు నుంచి చందమామ తొంగిచూస్తాడు. చదువుతుంటే బాగుంది. మధ్యమధ్య ఖాళీ డబ్బాలు కొన్ని వచ్చాయి. పాత ఫైళ్లలో అలాంటి చెత్త మామూలే, ఒక్క దెబ్బతో అన్నీ తుడిచేసి, ఆ చోట్లు ఖాళీగా ఉంచి జనార్దనరావు గారికి ప్రూఫు పంపాను. నాకు జీడిపప్పు బాకీ పడ్డావు. మా ఊళ్లో దొరకదని కాదు, నీ చేత కొనిపించాలని.

నీ
అపర్ణ

---

టెక్కలి,
సెప్టెంబరు 6

ప్రియమైన అపర్ణా,

జీడిపప్పు సంగతి తర్వాత. నాకు మనసు బాగాలేదు.

నిన్న జనార్దనరావు గారు పిలిపించారు. ప్రూఫు ముందు పెట్టుకుని కూర్చున్నారు. "చూడమ్మా, మీ నాన్నగారంటే నాకు గౌరవం. కానీ ఇవి జనం పాటలు కావు. ఇదిగో, 'సరుగుడు తోట సాటు నుంచి సంద' అని రాసి, ఇంత ఖాళీ వదిలి, 'మావ సూత్తన్నాడు' అంటారు. సందమావని నడిమికి ఎవరైనా విరుస్తారా? చివరికొచ్చేసరికి మాటకో ఖాళీ. ఇది కొత్తకాలం కవులు చేసే పని. ఆయన ఇంట్లో కూర్చుని రాసుకున్నారమ్మా. సేకరణ అని వెయ్యలేను. రచన అని వేసి వెనక పేజీల్లో పెడతాను" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా బాధేసింది.

రచన అన్నా పేరు పేరే కదా అంటావేమో. కాదే. ఆయన ఫైలు పైన "డొంకూరు" అని ఆ సముద్రపు ఒడ్డు ఊరి పేరు రాసుకున్నారు. సొంతంగా అల్లి ఆ ఊరివాళ్ల పాటలని చెప్పుకుంటే అది అబద్ధం. నాన్న అబద్ధమాడగా నేను చూడలేదు. మరి నాయనమ్మేమో, "మీ నాన్న కుర్రతనంలో కవిత్వాలు రాసి నా ప్రాణం తీశాడు" అనేది. మాది చేప పేరు ఎత్తితేనే ముక్కు మూసుకునే ఇల్లు. వలలు లాగేవాళ్లతో ఆయనకి పరిచయం ఎక్కడిది? ఆలోచించినకొద్దీ ఆయన మీదే అనుమానం వస్తోంది. పోయిన మనిషి మీద అనుమానం పెట్టుకుని బతకడం నావల్ల కాదు.

ఒక్కటి చెప్పు. నువ్వు తుడిచేసిన డబ్బాలు నిజంగా చెత్తేనా?

నీ
ఉష

---

పలాస,
సెప్టెంబరు 15

ప్రియమైన ఉషకి,

చెత్త కాదు. నా బుద్ధి గడ్డి తింది.

నీ ఉత్తరం చదివి మళ్లీ పెన్‌డ్రైవ్ తెరిచాను. అందులో మీ నాన్నగారి ఫాంటు కూడా ఉందే. నేను బద్ధకించి మా షాపులో ఉన్న ఫాంటు లెక్కతోనే మార్చాను, రెండింటి పేరూ ఒకటే కదా అని. పేరు ఒకటే, మనిషి వేరు. ఫాంటుని విప్పి గది గదీ వెతికాను. ఇంగ్లీషువాళ్ల పౌండు గుర్తు ఉండాల్సిన గదిలో ఎవరో కొత్త గుర్తు గీశారు. నిలువుగా ఒక గీత, కింద కొక్కెంలా వెనక్కి తిరిగింది. మీ నాన్నగారు ఆ డీటీపీ ఆయన చేత పనిగట్టుకుని గీయించుకుని ఉంటారు. నా సాఫ్ట్‌వేర్‌కి ఆ గది సంగతి తెలియదు, డబ్బా పెట్టి ఊరుకుంది. జనార్దనరావు గారు చూసిన ప్రతి ఖాళీలోనూ ఈ కొక్కెం ఉంది. కొక్కేలతో సహా కొత్త ప్రింటు ఇందులో పెట్టాను.

ఇది దేనికన్నది మాత్రం అంతు చిక్కడం లేదు. నాకు తిండి సయించడం లేదంటే నమ్ము. తాళమేమో అనుకుని మా షాపులో పనిచేసే రోజా అనే పిల్ల పాట చదువుతుంటే కొక్కెం వచ్చినప్పుడల్లా నేను బల్ల మీద కొట్టాను. కుదరలేదు సరికదా, ఏదో గొడవనుకుని పక్క జిరాక్స్ షాపు వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఊపిరి పీల్చే చోటా అంటే, మాట మధ్యలో ఎవరు పీలుస్తారు? ఇంకో వింత చూడు. ప్రతి పాటా మొదట్లో కొక్కేలు దూరం దూరంగా ఉంటాయి. పోనుపోను దగ్గర పడతాయి. చివర్లో మాటకొకటి. ఏ పాట తీసినా ఇదే వరస. కవిత్వం కోసం ఖాళీలు వదిలేవాడైతే ఒక్క పాటలోనైనా ఇంకోలా వదలడా?

యూనికోడ్ లెక్కలో ఈ గుర్తుకి గది లేదు. ఎవరికీ ఇవ్వని ఖాళీ గదులు కొన్ని ఉంటాయి, అందులో కూర్చోబెట్టి, ఫాంటు కూడా కలిపి ప్రెస్సుకి పంపగలను. ముందు అది ఎవరో తెలియాలి కదా. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే తేలేది కాదు. డొంకూరు వెళ్లు.

నీ
అపర్ణ

---

టెక్కలి,
సెప్టెంబరు 29

నా బంగారు అపర్ణకి,

అరచేతులు బొబ్బలెక్కాయి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

ఆదివారం ఇచ్ఛాపురం దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. అలివి వల, అంటే ఒడ్డున నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల, లాగేవాళ్లలో పాతవాళ్లు ఎవరని అడిగితే ఒడ్డు మీదికి తీసుకెళ్లి బైరాగి అనే ముసలాయన్ని చూపించారు. వల అప్పటికే సముద్రంలో ఉంది. రెండు తాళ్ల దగ్గరా జనం నిలబడి లాగుతున్నారు, ఈయన ఇసుకలో కూర్చుని వాళ్లని తిడుతున్నాడు. నేను నీ ప్రింటు తీసి సందమావ పాట చదివాను. ఆయన పకపకా నవ్వాడు.

"ఏటమ్మా, అలా గుక్క తిప్పుకోకుండా సదివేత్తే వలెప్పుడొత్తాది?"

అంటే పాట ఆయనకి తెలుసు! మధ్యమధ్య ఇదిగో ఇలా ఒక గీత ఉంది తాతా, ఏమిటో తెలియడం లేదు అన్నాను. ఆయన కాగితం వైపు చూడనే లేదు. "రా, తాడు పట్టు. పాడు. ఆ గీత ఒచ్చినకాడ నోరు ముయ్యి" అన్నాడు.

చీర కుచ్చిళ్లు దోపుకుని వరసలో నిలబడ్డాను. "సరుగుడు తోట సాటు నుంచి సంద" అన్నాను, కొక్కెం వచ్చింది, నోరు మూశాను. నా ముందూ వెనకా ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వాలారు. తాడు కదిలింది. "మావ సూత్తన్నాడు" అన్నాను. ఆ కొక్కెం అంటే తాడుని ఒక లాగు లాగడం, అపర్ణా. అక్కడ మాట లేదు, తాళం లేదు. లాగుతున్నప్పుడు నోట్లోంచి మాట రాదు, అందుకే సందమావ రెండు ముక్కలయ్యాడు. మొదట్లో తాడు తేలిక, పాటలో రెండు పాదాలకి ఒక లాగు సరిపోతుంది. వల ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ బరువెక్కుతుంది. చివరికి మాటకో లాగు. నీ కొక్కేలు దగ్గర పడింది అందుకే.

వల పైకొచ్చాక, ఆయాసం తీరకుండానే, ఈ పాట మా నాన్న రాసుకున్నారు తాతా, మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా అన్నాను. పేరు చెప్పాను. బైరాగి నన్ను కిందనుంచి మీదికి చూశాడు.

"మూర్తి కూతురివా! మమ్మల్ని అడిగేదేటి? ఒడ్డున కూకుని రాసుకునేవోడికి లాగు ఎక్కడొత్తాదో తెల్దమ్మా. సేతులు మండినోడికే తెలుత్తాది. మీ నాన మాతోటి తాడు లాగినోడు. బక్క గుంటడు, రెండ్రోజుల్లో పారిపోతాడనుకున్నాం. రెండేళ్లు లాగినాడు."

బీఈడీ అయ్యాక ఉద్యోగం రాని రోజులవి. ఇచ్ఛాపురంలో పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నానని నాయనమ్మతో చెప్పి ఇక్కడికి వచ్చేవారట. అందరితోపాటు ఆయన వాటా చేపలూ పోసేవారట. వాటిని ముట్టుకోకుండా బైరాగి భార్యకి వదిలేసి, బదులుగా బియ్యం మూట కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్లేవారట. ఆ అన్నం నాయనమ్మ తింది, అత్తలు తిన్నారు. ట్యూషన్ పిల్లల తల్లులు ఇచ్చిన బియ్యమనుకున్నారు.

అబద్ధమాడని మనిషి రెండేళ్లు రోజూ అబద్ధమాడారు. నాకు ముందు కోపం వచ్చింది. గ్యాస్ సిలిండరు జరపమంటే నడుము పట్టుకునే మనిషి, ఆ తాడు పట్టారని నాకు ఒక్కసారి చెబితే ఏం పోయింది? తర్వాత అందరి ముందూ ఇసుకలో కూర్చుని ఏడ్చేశాను. బైరాగి పక్కన చతికిలబడి వల్లో పడిన నాచు ఏరుకుంటూ కూర్చున్నాడు.

జనార్దనరావు గారికి అన్నీ నేనే చెప్పాను. గుర్తులు లేని పాట చూసి ఆయన మాత్రం ఏమనుకోగలరు? పాటల్ని పుస్తకం ముందుభాగంలోకి మారుస్తానన్నారు, కింద నాన్న పేరుతో సేకరణ అని వేయిస్తానన్నారు. వద్దన్నాను.

అపర్ణా, రచన అని పెట్టొద్దు. సేకరణ అనీ పెట్టొద్దు. "పాడినవారు" అని పెట్టి, తాడు దగ్గర ఎవరి వెనక ఎవరు నిలబడేవారో బైరాగి చెప్పిన వరసలోనే పేర్లు వెయ్యి. ఇంటిపేర్లు వద్దు, మాస్టారు అని వద్దు, అన్నీ ఒకే సైజులో ఉండాలి.

బైరాగి, రామూర్తి, మూర్తి, దాలయ్య.

నీ
ఉష