లచ్చన్న మామ బ్రెజిల్ బ్యాచ్

డేరా, దుబాయ్
4 అక్టోబర్ 1982

పెద్దలు లచ్చన్న మామకు, మేనల్లుడు హన్మంతు దండం పెట్టి రాయునది. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. అక్కడ బనియాస్ క్యాంపులో నువ్వూ మనవాళ్లూ బాగున్నారని తలుస్తున్నాను.

మామా, మెట్‌పల్లి బస్టాండులో నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. "ముందుగాల మంచి కొలువు జూస్కో అల్లుడా, అటెన్క మా బాలవ్వ లగ్గం ముచ్చట మాట్లాడుదం" అన్నావు. ఆ కొలువు దొరికి ఏడాది దాటింది. నైఫ్‌లో పెద్ద ట్రావెల్స్ ఆఫీసు, ఏసీ గది. మా మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్ గారు, పొద్దున రాగానే మొదట పిలిచేది నన్నే. నేను ఒక్కరోజు రాకపోతే ఆ ఆఫీసులో ఎవరికీ పని సాగదు.

ఇందులో ఒక రంగుల పుస్తకం పెట్టాను, చూడు. బ్రెజిల్ దేశానికి మా ఆఫీసు పంపిస్తున్న గ్రూపు అది. పన్నెండు మంది, పద్నాలుగు రోజులు, వెంట గైడు. మన గోవాను ఏలిన పోర్చుగీసు వాళ్లే ఆ దేశాన్నీ ఏలారట. వాళ్ల నాటి ఊళ్లు, లోపలంతా బంగారు పూత పూసిన చర్చీలు, గోడలకు నీలిరంగు బొమ్మల పెంకులు, అన్నీ ఉన్నాయి. ఈ గ్రూపు కాగితాలు నా చేతుల మీదుగానే ముదీర్ గారి బల్ల మీదకు పోతాయి.

బాలవ్వ సంగతి ఆలోచించి రాయగలవు.

ఇట్లు,
నీ అల్లుడు హన్మంతు

తా.క.: కుర్చీలో కూర్చున్న ఫోటో కూడా పంపుతున్నాను. ఊరికి, లింగవ్వ అత్తకు పంపించు. కోటు భుజాల దగ్గర వదులుగా ఉందేమని అడిగితే, ఇక్కడ అదే ఫ్యాషనని చెప్పు.


బనియాస్ క్యాంపు, అబుదాబి
11 అక్టోబర్ 1982

చిరంజీవి హన్మంతుకు, మీ మామ లచ్చన్న మేస్త్రీ దీవించి రాయునది. నీ ఉత్తరమూ పుస్తకమూ అందినవి. ఫోటో చూసి క్యాంపంతా సంతోషించింది.

అల్లుడా, ఇంత పెద్ద కబురును ఇంత చల్లగా రాశావేం? ఫోటోలన్నీ దగ్గర పెట్టుకొని చూశాను. అవి గచ్చుగోడలు, సిమెంటు కాదు. డంగు సున్నం పని. మూడో పేజీలో ఉన్న చర్చికి ఎడమ గోపురం కింద సున్నం పెచ్చులూడుతోంది. తొమ్మిదో పేజీ గోడకు కడుపు వచ్చింది. ఇంకో రెండు వానలకు కూలుతుంది. బ్రెజిల్ వాళ్లు మంచి సమయానికే మనుషులను పిలుస్తున్నారు.

పుస్తకమంతా భీమయ్యతో చదివించాను. అతను ఇంగ్లీషు ఎనిమిదో తరగతి దాకా చదివాడు. ఉదయం ఒక చర్చి, మధ్యాహ్నం ఒక చర్చి అని రాసి ఉంది. ఇది కుదరని పని. నా చేతి కింద ఆరుగురున్నా ఒక్క చర్చికే మూడు నెలలు పడుతుంది. సున్నంలో కలిపే కరక్కాయ నీళ్లు ఊరడానికే వారం కావాలి. పద్నాలుగు రోజుల్లో ఇరవై చర్చీలని రాసినవాడు జన్మలో తాపీ పట్టినవాడు కాదు. ఈ మాట నీ ముదీర్‌కు చెప్పు.

పొద్దుటి తిండి కంపెనీదే అని ఉంది, బాగుంది. ఒంటరి గది కావాలంటే ఎక్కువ అవుతుందట. మాకు వద్దు. ఇక్కడ ఒక్క గదిలో పద్నాలుగు మందిమి పడుకుంటున్నాం. జెండా పట్టుకొని ముందు నడుస్తున్న ఆడమనిషి ఫోర్‌మనా? అడిగి రాయి.

నేను, భీమయ్య, ఖాదర్ హుస్సేన్, ఇంకో నలుగురు. మా ఏడుగురి పేర్లూ ఎక్కించు. మిగిలిన ఐదుగురినీ నీ ఇష్టం వచ్చినవాళ్లను పెట్టుకో.

ఇట్లు,
లచ్చన్న మేస్త్రీ

తా.క.: పన్నెండు మంది వీసాలు నీ చేతిలో ఉన్నాయని మీ అత్తకు రాశాను. ఇక బాలవ్వ పెళ్లి గురించి ఆలోచించేదేముంది? బ్రెజిల్ వీసా చేతికి రాగానే లగ్గం పెట్టుకుందాం.


డేరా, దుబాయ్
18 అక్టోబర్ 1982

లచ్చన్న మామకు హన్మంతు నమస్కారాలు.

మామా, నువ్వు పొరబడ్డావు. ఇది పని బ్యాచ్ కాదు. వీళ్లు ఆ గోడలను బాగుచేయడానికి పోవడం లేదు, చూడడానికి పోతున్నారు. ఊరికే చూసి, ఫోటో తీసుకొని, తిరిగి వస్తారు. దానికి వాళ్లే ఎదురు డబ్బు కడతారు. ముసలి ఇంగ్లీషు దొర ఒకాయన, ఆయన భార్య, బట్టల దుకాణం సింధీ సేట్లు, ఇలాంటివాళ్లు. జెండా ఆమె గైడు. గోవా మనిషి, పోర్చుగీసు భాష తెలుసు.

పేర్లు ఎక్కించడం నాకు చిటికెలో పని. కాకపోతే అక్కడి పద్ధతులే మీకు పడవని వెనకాడుతున్నాను. ఫిబ్రవరిలో అక్కడ కార్నివాల్ అని పెద్ద జాతర. గ్రూపులో వెళ్లినవాళ్లంతా నడివీధిలో నడుములు తిప్పుతూ ఎగరాలి. పెద్దామె, పెద్దాయన అని చూడరు. తిండేమో నల్ల చిక్కుడు గింజల్లో పందిమాంసం వేసి పొద్దంతా ఉడకబెట్టిన కూర. ఖాదర్ హుస్సేన్ ఏం తింటాడు చెప్పు?

అందుకని ఈసారికి బ్రెజిల్ మాట ఖలాస్ అనుకో. బాలవ్వ సంగతి మాత్రం ఖలాస్ అనుకోవద్దు.

ఇట్లు,
హన్మంతు

తా.క.: గోడకు కడుపు వచ్చిందన్న సంగతి ముదీర్‌కు చెప్పాను. ఆయన నా ముఖం వంక చాలాసేపు చూశాడు.


బనియాస్ క్యాంపు
27 అక్టోబర్ 1982

హన్మంతుకు మామ లచ్చన్న రాయునది.

పాత గోడలను ఊరికే చూడడానికి డబ్బు కట్టి సముద్రాలు దాటే మనిషి ఈ భూమ్మీద ఉంటాడా? అబద్ధమాడినా అతికినట్టు ఉండాలి. బొంబాయి ఏజెంటు కూడా మాకు ఇంత పెద్ద అబద్ధం చెప్పలేదు. మా సీట్లు ఇంకెవరికైనా ఇస్తున్నావా? ఉన్నమాట రాయి.

ఎగరడం అంటావా, మొన్న శుక్రవారం క్యాంపు వెనక ఇసుకలో ఏడుగురమూ సాధన చేశాం. మాకు వచ్చింది చిరుతల భజనే కాబట్టి దానికే నడుము తిప్పడం కలిపాం. క్యాంపు బాసు అబ్దుల్ రహీం పరుగెత్తుకొచ్చి "క్యా హువా, హర్తాల్ హై క్యా?" అని అడిగాడు. బ్రెజిల్ పోతున్నాం, నేర్చుకుంటున్నాం అన్నాం. కాసేపు చూసి, మూడో వరుసలో తనూ చేరాడు. అతని అడుగు మాకంటే బాగుంది. చిక్కుడు గింజలు మేం తింటాం, మాంసం బ్రెజిల్ వాళ్లు తింటారు. ఖాదర్ హుస్సేన్ వేరే గిన్నె తెచ్చుకుంటాడు.

ఇంకో సంగతి. పుస్తకం వెనక అట్ట మీద చిన్న అక్షరాలను భీమయ్య నిన్న చదివాడు. నవంబరు పన్నెండు, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు మీ ఆఫీసు హాల్లో గ్రూపు సభ్యులంతా హాజరు కావాలని ఉంది. అంటే ట్రేడ్ టెస్టే కదా! బొంబాయిలో కూడా ఇలాగే పిలిచి, గోడ కట్టించి చూశారు. ఈ మాట మాకు రాయకుండా దాచావు.

తాపీలు, దారం గుండు, మట్టం చూసే చెక్క తీసుకొని వస్తున్నాం. అదేరోజు నీ ముదీర్‌ను కలిసి, మా అల్లుడు ఎట్లాంటివాడో నాలుగు మాటలు అడిగి, పెళ్లి మాట ఖాయం చేస్తాను. పిల్లనిచ్చేవాడికి విచారించుకునే హక్కు ఉంది కదా.

ఇట్లు,
లచ్చన్న మేస్త్రీ

తా.క.: అబ్దుల్ రహీం కూడా వస్తానంటున్నాడు. అతనికి తాపీ పని రాదు. ఎగిరేవాడిగా ఎక్కించు.


డేరా
4 నవంబర్ 1982

మామా, దండాలు. తొందరలో రాస్తున్నాను.

దయచేసి పన్నెండో తారీఖు రావద్దు. ఆ రోజు నేను ఉండను. ముదీర్ గారు షార్జాకు పెద్ద పని మీద పంపిస్తున్నారు. ముదీర్ గారు కూడా ఉండరు. అసలు ఆఫీసే ఉండదు. లోపలి గోడలు పాడయ్యాయని ఆ రోజు సున్నం వేయిస్తున్నారు.

నీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
హన్మంతు

తా.క.: కవరు అంటించాక తెలిసింది, సున్నం మాట నీకు రాయకూడదని. ఇంకో కవరు దొరకలేదు. అందుకే కవరు మీద రాస్తున్నాను. సున్నం లేదు. ఏమీ లేదు. రావద్దు.


డేరా
13 నవంబర్ 1982

లచ్చన్న మామకు హన్మంతు నమస్కరించి రాయునది.

నిన్న రాత్రి షార్జా నుంచి తిరిగి వచ్చాను. మీరు ఏడుగురూ, ఆపైన అబ్దుల్ రహీమూ వచ్చారని ఆఫీసువాళ్లు చెప్పగా విన్నాను. నేను లేకపోయినందుకు ఏమీ అనుకోవద్దు.

వాళ్లు చెప్పింది చెబుతున్నాను. లైట్లు ఆర్పి తెర మీద బ్రెజిల్ చూపిస్తుంటే, పెద్ద చర్చి రాగానే నువ్వు లేచి వెళ్లి, దారం గుండును తెర మీద వేలాడదీసి, "గోపురం రెండు వేళ్లు ఒరిగింది" అన్నావట. గైడమ్మ దాన్ని ఇంగ్లీషులో చెబితే, ముసలి దొర లేచి నిలబడి చప్పట్లు కొట్టాడట. సింధీ సేట్లు అదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారట. ముదీర్ గారు మొదట ఎర్రబడి, తర్వాత నవ్వి, మీకందరికీ సమోసాలు పెట్టించారట. భీమయ్య మూడు తిని, నాలుగోది కాగితంలో చుట్టి ఎడమ జేబులో పెట్టుకున్నాడట.

ముదీర్ గారితో పెళ్లి మాట మాట్లాడావో లేదో ఎవరూ చెప్పలేదు. మామా, నాకు భయంగా ఉంది. ఏదైనా ఉంటే నాకే రాయి, ఊరికి రాయవద్దు.

ఇట్లు,
హన్మంతు

తా.క.: షార్జాలో బాగా జలుబు చేసింది. ఇంకా దగ్గుతున్నాను.


బనియాస్ క్యాంపు
17 నవంబర్ 1982

అల్లుడు హన్మంతుకు, మామ లచ్చన్న రాయునది. నీ ఉత్తరం అందింది. షార్జాలో కూర్చొని ఇంత బాగా చూసిన నీ కళ్లకు దిష్టి తీయించాలి. భీమయ్య ఎడమ జేబు సంగతి అతని పక్కన కూర్చున్న నాకే తెలియదు.

నువ్వు చెప్పిందే నిజం. వాళ్లు చూడడానికే పోతున్నారు. తెర మీద ఆ గోడలు చూస్తుంటే నాకూ అర్థమైంది. అంత పెద్ద మనుషులు నోరు తెరుచుకొని చూస్తుంటే నాకెంతో గర్వంగా అనిపించింది. వెలుగొచ్చాక గైడమ్మను హిందీలో అడిగాను, "యే కిస్నే బనాయా?" అని. రాజు పేరు చెప్పింది, గవర్నరు పేరు చెప్పింది. మేస్త్రీ పేరు చెప్పమ్మా అన్నాను. పాపం, కాగితాలన్నీ వెతికింది, లేదు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు మోసిన రాళ్లవి, వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు అన్నది. దారం గుండును చుట్టి సంచిలో పెట్టేశాను.

అప్పుడే అరబ్బుల తలగుడ్డ గుత్రాను ముఖానికి చుట్టుకున్న మనిషి ఒకడు దగ్గుకుంటూ చాయ్ తెచ్చాడు. అందరికీ చక్కెర వేసిన చాయ్. నాకు మాత్రం చక్కెర లేనిది. నాకు షుగర్ వ్యాధి వచ్చిందని ఆ ఆఫీసు మనుషుల్లో నీకు తప్ప ఎవరికి తెలుసు? తల ఎత్తి చూశాను. గుత్రా పైన కనిపిస్తున్న కళ్లు నీవే. "హన్మంతూ" అందామని నోటిదాకా వచ్చింది. అంటే అందరి ముందూ ఏమైపోతావో అని చాయ్ తాగి ఊరుకున్నాను. ముదీర్‌ను కూడా ఏమీ అడగలేదు.

కోపం రాలేదని చెప్పను. టాక్సీ ఎక్కిన దగ్గర నుంచి జెబెల్ అలీ దాకా, వీడికి పిల్లనివ్వను, వీడికి పిల్లనివ్వను అని అనుకుంటూనే ఉన్నాను. జెబెల్ అలీ దాటాక నీ చేయి గుర్తొచ్చింది. ఒక్క చేత్తో ఆరు గ్లాసులు పట్టుకొని, ఒక్క చుక్క ఒలకనీయలేదు. అట్లా పట్టడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అవును అల్లుడా. నాకే.

ఏడాదిన్నరగా ఈ క్యాంపులో రెండువందల నలభై మందికి చాయ్ కాచేది నేనే. ఈ దేశంలో గోడ కట్టరు, పోస్తారు. కాంక్రీటు పోసేచోట సున్నం మేస్త్రీతో ఏం పని? ఇంటికి పంపిస్తామన్నారు. అబ్దుల్ రహీం జాలిపడి వంటగదిలో పెట్టాడు. మీ అత్తకు ఆ మాట ఎట్లా రాయాలి? మేస్త్రీననే రాస్తూ వచ్చాను. నువ్వు పంపిన పుస్తకంలో సున్నం గోడలు కనిపించేసరికి ప్రాణం లేచి వచ్చింది. నా పని ఇంకా ఒక దేశంలో బతికి ఉందనుకున్నాను. అందుకే నీ మాట చెవిన పెట్టలేదు.

నువ్వు చెప్పిన అబద్ధానికి నేను కోపగించుకుంటే, నేను చెప్పినదానికి ఎవరు కోపగించుకోవాలి? లగ్గం వైశాఖంలో పెడుతున్నాను. సెలవు అడుగు. నువ్వు లేకపోతే ఆఫీసులో ఎవరికీ పని సాగదని రాశావు, అది మాత్రం నిజమే. అయినా పదిహేను రోజులు చాయ్ లేకుండా ఉండమను.

ఇట్లు,
బనియాస్ క్యాంపు చాయ్ మాస్టర్,
మీ మామ లచ్చన్న

తా.క.: మన ఇద్దరి సంగతీ బాలవ్వకు మెల్లగా చెప్పాలి, తొందరపడి రాయకు అని ఇక్కడ రాద్దామనుకుంటుండగానే పోస్టు వచ్చింది. బాలవ్వ రాసింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను: "నాయినా, నీ ఉత్తరాల మీద, బావ ఉత్తరాల మీద ఒక్క తీరుగనే చాయ్ మరకలుంటున్నయ్. అవ్వకు ఏడాది సంది నేను చెప్తలేను. బ్రెజిల్ ఎందుకు, ఇద్దరు గలిసి మెట్‌పల్లి బస్టాండ్ల హోటల్ వెట్టరాదుండ్రి?"