రెండో అంతస్తు తాళంచెవి

చిరంజీవి తమ్ముడికి అన్న రాయునది.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులూ ఉంటాయి. సర్దుకుని చదువు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మానేసి నిన్ను పదిదాకా చదివించింది కూడా నేనే, అది వేరే సంగతి. కాగితం మూల నల్లటి మరక ఉంటుంది. విసుక్కోకు, కావాలనే ఉంచాను.

ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. నువ్వూ బాగుండాలని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అంటావేమో. ఫోన్లో నువ్వే మాట్లాడతావు. నేను ఊఁ అనేలోపు పెట్టేస్తావు.

గుమాస్తా చేత రాయించిన నీ ఉత్తరం అందింది. మోకాళ్లు ఎలా ఉన్నాయన్నావు. దిగేటప్పుడు నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. మూడో అంతస్తు పోసే రోజు పనికి ఎందుకు రాలేదన్నావు. కూర్చోవడానికి మా ఇంట్లోనూ కుర్చీ ఉంది. రెండో అంతస్తు తాళంచెవి అచ్చాఫీసు యజమానికి ఎందుకివ్వలేదన్నావు. ఇవ్వను. నా జేబులో ఉంది. ఎందుకో చెబుతాను, తొందరపెట్టకు.

నాకు నీ మీద కోపం. ముప్పై ఏళ్లు సెంట్రింగ్ చెక్కలు కొట్టి, గుంజలు నిలబెట్టి, ఎన్ని స్లాబులు పోయించానో నాకే లెక్క లేదు. నీకు మేకు పట్టుకోవడం నేర్పింది నేను. నీ బొటనవేలు చితికితే కట్టింది నా తుండుగుడ్డ. నువ్వు ఇనుప రేకుల మీద స్లాబు పోసే కాంట్రాక్టరువయ్యాక నా చెక్కలూ పలకలూ నన్నడక్కుండా పాత సామాను వాడికి తోలేశావు. "ఇంకెందుకన్నయ్యా, చెదలకి మేపడానికా?" అన్నావు. పన్నెండు గుంజలు మిగిలాయి. అదీ మీ వదిన వాటి మీద బట్టలు ఆరేసింది కాబట్టి.

ఇక్కడ ఈ అచ్చాఫీసు పని మొదలైన రోజు అందరి ముందూ ఏమన్నావో నీకు గుర్తుండదు. "అన్నయ్యా, నువ్వేం ముట్టుకోకు. ఇది నీ కాలపు పని కాదు. కుర్చీ వేయించాను, కూర్చో." పొడుగు వెల్డరు "పెద్దాయనకి గొడుగు కూడా పట్టండ్రా" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

కూర్చుని చూశాను. ఇనుప దూలాల మీద మడతల రేకులు పరిచారు. కింద ఒక్క గుంజ లేదు. సరే, రేకు బలం రేకుది అనుకున్నాను. కానీ రెండో అంతస్తులో ఇనుప జాలీ పరిచే ముందురోజు సాయంత్రం దాకా ఒక్కడూ రేకులకి నూనె రాయలేదు. నూనె రాయని పలక రేపు ఊడొస్తుందా? మర్చిపోయారు వెధవలు అనుకున్నాను. నీకు చెబితే మళ్లీ నవ్వుతావు. అందరూ వెళ్లాక కాలిన ఇంజిన్ ఆయిల్ డబ్బా తెచ్చి, గుడ్డతో వీధి వైపు దూలాల మధ్య మూడు అంకణాలకి పట్టించాను. నీ పరువు నిలబెట్టాననుకున్నాను. డబ్బా అయిపోయింది, లేకపోతే అంతస్తంతా రాసేవాణ్ణి. పొద్దుటికి దుమ్ము పడి ఎవరికీ కనపడలేదు. జాలీ పరిచారు, కాంక్రీటు పోశారు. నువ్వు అవతలి ఊరి పనికి వెళ్లిపోయావు.

పది రోజులకి వెల్డరుని అడిగాను, రేకులు ఎప్పుడు ఊడదీస్తారని.

"ఊడదీయడమేంటి పెద్దాయనా? రేకు అక్కడే ఉంటుంది. మడతల మీద గాట్లున్నాయి చూడు, కాంక్రీటు వాటిని పట్టుకుంటుంది. రెండూ కలిసే బరువు మోస్తాయి."

"మధ్యలో జిడ్డుంటే?"

"జిడ్డుంటే ఎవరి దారి వాళ్లది" అని నవ్వాడు.

అప్పుడే నీకు చెప్పాలి. చెప్పలేదు. భయం వల్ల కాదురా. నీ అంతస్తు కుంగి, నువ్వు అందరి ముందూ తలదించుకుంటే, అప్పుడు నీకూ ఒక కుర్చీ వేయిద్దామనుకున్నాను. పంతొమ్మిది రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగాను. నిద్ర కూడా బాగానే పట్టింది, అబద్ధమెందుకు.

పోయిన వారం పుస్తకాలు కుట్టే ఆవిడ వచ్చింది. యజమాని అచ్చు మిషన్లు పెట్టేది ఆ హాల్లోనే కదా. కిటికీ పక్కన సుద్దతో గీత గీసి, "పెద్దాయనా, ఈ వెలుతురు నాది. నా బల్ల ఇక్కడే. మిషన్ల వాళ్లు ఆక్రమించకుండా చూడు" అంది. గీత చుట్టూ రెండుసార్లు నడిచి కొలుచుకుంది. అది నేను నూనె రాసిన అంకణం.

ఆవిడ వెళ్లాక కింది అంతస్తులోకి దిగి, సుత్తితో రేకు అడుగున కొట్టి చూశాను. మిగతావన్నీ రాయిలా పలికాయి. ఆ మూడూ ఖాళీ డబ్బాల్లా మోగాయి. ఉత్తరం రాద్దామని కొన్న ఈ కాగితం మూలని అంచులో పెట్టి తోశాను. రేకుకీ కాంక్రీటుకీ మధ్య రెండు వేళ్ల లోతు దూరింది. మరక అదే.

తలుపు వేసి, కాపలాకని నాకిచ్చిన తాళంచెవి జేబులో వేసుకున్నాను. పన్నెండు గుంజలూ బండి మీద తెచ్చి ఆ అంకణాల కింద నిలబెట్టాను. మీ వదిన సాయం పట్టింది. "మీ అన్నదమ్ముల పంతానికి నా నడుం విరిగింది" అంది. గుంజలు ఇప్పటికి ఆపుతాయి. మిషన్ల బరువు ఆపుతాయో లేదో నాకు తెలియదు.

క్షమించమని రాయడం లేదు. నూనె రాసిన తప్పు నాది. రేకు ఊడదీయరన్న ఒక్క ముక్క నాకు చెప్పకపోవడం నీది. తెలిశాక ఊరుకున్నది మళ్లీ నేనే.

మిషన్లు ఒకటో తారీఖున వస్తాయి. యజమానికి చెబుదామని రెండుసార్లు వెళ్లాను. "ఏం పెద్దాయనా?" అన్నాడు. మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాను. అందుకని ఈ ఉత్తరమే ఇంకో కాగితం మీద ఎత్తి రాసి పెట్టుకున్నాను. నిన్ను తిట్టినవీ, నా సంగతులూ, ఏదీ తీసేయలేదు. ముప్పయ్యో తారీఖు సాయంత్రం దాకా చూస్తాను. నువ్వు వచ్చి ఆయనకి చెబితే సరే. రాకపోతే ఆ కాగితం ఆయన చేతిలో పెడతాను. దానికి మాట్లాడక్కర్లేదు.

వెంటనే జవాబు రాయి. గుమాస్తా చేత వద్దు, నీ చేత్తో రాయి.

ఇట్లు,
నీకు మేకు పట్టడం నేర్పిన
అన్న