గోడమీది పూలదండ

చిట్టితల్లీ,

అమ్మ దీవెనలు. నాన్నగారి ఆయాసం తగ్గిందా? నువ్వు కాలేజీకి పోతున్నావా? నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. పెద్దన్నయ్య ఉండే ఈ పరాయిదేశపు వెస్ట్‌మీడ్‌లో ఆషాఢమంటే చలికాలం. వాడు కొనిచ్చిన ఉన్ని మేజోళ్లు వేసుకునే వంట చేస్తున్నాను. గోంగూర లేదు. ఏదో పుల్లటి ఆకు వేసి పప్పు చేస్తే వాడు పళ్లెం ఖాళీ చేశాడు.

స్టేషనుకు పోయే దారిలో ఒకామె పెద్ద గోడమీద బొమ్మ వేసింది. ఆమెది హవాయి దీవులట. ఆ బొమ్మలో, తెల్లవాళ్ల ఓడలు మొదటిసారి వాళ్ల తీరానికి వస్తుంటే ఆ ఊరివాళ్లు పడవల్లో ఎదురెళ్తున్నారు. వాళ్లూ మనలాగే చామనచాయ. ఒక పడవలో కుర్రాడు అచ్చం మన కిట్టు. కనుబొమమీద గాటుతో సహా. ఆమె కిట్టును ఎన్నడూ చూడలేదు.

వాడి మెడలో పూలదండ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న గండం గడిచిందని ఆఫీసువాళ్లతో సముద్రానికి పోయి, అలల్లో కొట్టుకుపోయిన నా బిడ్డ. మనిషి దొరకలేదని వాడి ఫోటోకు నేను దండ వెయ్యనివ్వలేదు కదా.

“బొమ్మకి దండేస్తే పోయినట్టేరా. తీసెయ్యమని చెప్పు” అన్నాను పెద్దన్నయ్యతో.

“వాళ్లు బతికున్నోళ్లకే వేస్తారంటమ్మా. వచ్చేవాళ్లకీ, పోయేవాళ్లకీ.”

“వాళ్ల సంగతి నాకెందుకు? చెప్తావా, నన్నే నిచ్చెనెక్కమంటావా?”

ఆమె నా ముఖం చూసి, దండమీద ఒంటిరంగు పూసేసింది. ఒడ్డుకు దగ్గరగా నీళ్లలో ఇంకో దండ వేసింది. వాళ్ల దీవుల్లో ఊరు విడిచేవాళ్లు దండను సముద్రంలో వేస్తారట. అది ఒడ్డుకొస్తే మనిషీ తిరిగొస్తాడట. పెద్దన్నయ్య ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె పని ముగించి వెళ్లిపోయింది. నేను రోజూ పోయి చూశాను. దండ ఒడ్డుకు దూరమవుతూ వచ్చింది. ఓడలనూ దాటింది. మొన్న పొద్దున చూస్తే లేదు. పెద్దన్నయ్యను లాక్కెళ్లాను.

“ఇదిగోమ్మా, వేసినచోటే ఉందిగా” అని వేలుపెట్టి చూపించాడు. వాడి వేలికింద ఉత్త నీలిరంగు. వాడు అబద్ధమాడలేదు తల్లీ, వాడికి కనిపిస్తోంది. పడవలో కుర్రాడు మాత్రం నావైపు చూడటం మానేశాడు. సముద్రంవైపు తిరిగి కూర్చున్నాడు. పిలుపు నోటిదాకా వచ్చింది, పోనీలే అని ఇంటిదారి పట్టాను.

ఈ ఉత్తరం అందాక కిట్టు ఫోటోకు దండ వెయ్యి. చామంతులు వద్దు, వాడికి తుమ్ములొస్తాయి. పెరట్లో నందివర్ధనాలు కట్టు. నేనే వెయ్యమన్నానని నాన్నగారితో చెప్పు. ఆయనకు నా నమస్కారాలు, పక్కింటి పిన్నిగారిని అడిగానని చెప్పు.

నిన్ను తలుచుకునే
అమ్మ

దండ వేసిన రోజు పస్తు పడుకోకు. వేడివేడిగా అన్నం వండుకుని కడుపునిండా తిను.