అత్తయ్య నీలం సీసా

వదినా, అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులూ ఉంటాయి, కోప్పడకు. బడి మానేశాక ఇంత రాయడం ఇదే మొదలు. మేం బాగానే ఉన్నాం.

ఖాళీ సీసాలు పగలగొట్టి, అచ్చులో వేసి, బట్టీలో కరిగించే పని నేర్చుకుంటున్నానని చెప్పానుగా. నా మొదటి గిన్నెలో కాస్త నీలం ఉండాలని ఆశపడి, అత్తయ్య అలమారాలో అడుగున ఉన్న పాత టానిక్ సీసా అడగకుండా తీసుకెళ్లి, తెల్ల సీసాల ముక్కల్లో కలిపేశాను. రెండు రోజులు చల్లారాక బట్టీ తలుపు తీస్తే గిన్నె నిలువునా చీలిపోయి ఉంది. "ఒక్క రకం సీసాలే వెయ్యమన్నానా లేదా? రెండు రకాలు కలిస్తే చల్లారేటప్పుడు పీక్కుంటాయి తల్లీ!" అంది పని నేర్పే ఆవిడ.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఇల్లంతా వెతుకుతున్నారు. "మా పెద్దాడు, మీ బావగారు, పోయేముందు తాగిన టానిక్ సీసా అది. ఆ పనిమనిషే చెత్తలో పారేసుంటుంది" అని ఆవిడను పని మాన్పించేశారు. పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేకపోయాను.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత నూలు చీర ఒకటి పంపు, బట్టీ దగ్గరికి నైలాను చీరతో రానివ్వరు.

రేపు పొద్దున్నే ఆ గిన్నె ముక్కలు అత్తయ్య చేతిలో పెట్టి చెప్పేస్తాను. నీకు రాసేశాను కాబట్టి ఇక వెనక్కి తగ్గలేను. నన్ను పుట్టింటికి పంపేస్తే అమ్మకు నువ్వే నచ్చజెప్పాలి. పోస్ట్‌మేన్ చదివితే చదివాడు, నాన్న కంటపడకముందే ఈ కార్డు పొయ్యిలో పెట్టెయ్యి.

నీ ఆడపడుచు